శుభలేఖ వెనుక చేతులు

పెళ్ళి కుదిరిన ఇంట్లో మొట్టమొదట పుట్టే కాగితం లగ్నపత్రిక. ఉభయపక్షాల పెద్దలు ఎదురెదురుగా కూర్చున్న తరువాత పురోహితుడు పంచాంగం చూసి, వధూవరుల పేర్లు, గోత్రాలు, తల్లిదండ్రుల వివరాలు, తిథి వార నక్షత్రాలతో సహా ముహూర్తాన్ని తన చేతితో రాస్తాడు. నాలుగు మూలలా పసుపు అద్ది, కుంకుమ బొట్టు పెట్టి, అందరికీ వినిపించేలా చదివిన తరువాతనే ఆ కాగితం తాంబూలంతో పాటు చేతులు మారుతుంది. శుభలేఖ ఆ తరువాతి మాట. లగ్నపత్రిక రెండు కుటుంబాల నడుమ కుదిరిన ఒప్పందమైతే, ఆ ఒప్పందాన్ని బంధువర్గానికీ ఊరికీ తెలియజేసి, వారిని సాక్షులుగా రమ్మని కోరే పత్రం శుభలేఖ.

ఈ రెండింటిలో మొదటిది నేటికీ చాలా తెలుగు ఇళ్ళలో చేతిరాతగానే నిలిచి ఉన్నది. అచ్చు వేసిన నమూనా కాగితాన్ని వాడినప్పటికీ అందులోని ఖాళీలను పూరించేది పురోహితుని కలమే. రెండవది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో క్రమక్రమంగా చేతిని వదిలి యంత్రాన్ని ఆశ్రయించింది. ఇటీవలి కాలంలో నగరాలలోని కొందరు యువతీయువకులు తమ శుభలేఖలను తామే తయారుచేసుకోవడం కనిపిస్తున్నది. చేతితో చేసిన కాగితం తెప్పించుకొని, కొయ్య దిమ్మెలతో అంచులు అద్ది, పేరు పేరునా స్వయంగా రాసి పంపుతున్నారు. ఇది కొత్త మోజు అని కొందరు, పాత సంప్రదాయానికి తిరిగి రావడమని మరికొందరు అంటున్నారు. చరిత్రను కొంచెం పరిశీలించినట్లయితే ఈ రెండు మాటలూ అసంపూర్ణమని తెలుస్తుంది. మన ఉపఖండంలో శుభలేఖ ఏనాడూ ఒక్క చేతి పని కాదు. కాగితం చేసిన చేయి, అక్షరం రాసిన చేయి, బొమ్మ గీసిన చేయి, ఇంటింటికీ మోసుకుపోయిన చేయి వేర్వేరు. ఆ చేతుల కథయే శుభలేఖ చరిత్ర.

కాగితానికి ముందు పిలుపు

కాగితంతో పని లేని ఆహ్వానమే మన దేశంలో ప్రాచీనం. తెలుగునాట ముత్తయిదువలు కుంకుమ భరిణె పట్టుకొని గడపగడపకూ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు. ఎంత ఖరీదైన శుభలేఖ అందినప్పటికీ, బొట్టు పెట్టి పిలవలేదన్న కారణంతో పెళ్ళికి వెళ్ళని ఇల్లాలిని నేటికీ పల్లెల్లో చూడవచ్చు. రాజస్థాన్‌లో పసుపు కలిపిన బియ్యం పంపడమే పిలుపు. ఉత్తరాది పల్లెల్లో క్షురకుడు పసుపు, పోకచెక్కలతో బంధువుల ఊళ్ళకు నడిచివెళ్ళి వార్త చెప్పేవాడు. శ్రీలంకలోని సింహళ కుటుంబాలలో తమలపాకుల కట్టను రెండు చేతులా అందించి ఆహ్వానించే ఆచారం ఉన్నది. గుజరాతీలు శుభలేఖను కంకోత్రి అంటారు. ఆ పేరులోనే కుంకుమ ఉన్నది. కాగితం వచ్చినప్పటికీ కుంకుమ చిలకరించిన తరువాతే అది శుభలేఖ అయింది.

తొలి పిలుపు దేవుడికి అన్నది ఈ ఆచారాలన్నింటికీ ఉమ్మడి లక్షణం. రాజస్థాన్‌లోని రణథంభోర్ కోటలో వెలసిన త్రినేత్ర గణపతికి దేశం నలుమూలల నుంచి తపాలా ద్వారా శుభలేఖలు వస్తాయి. తపాలా ఉద్యోగి వాటిని కోటకు చేర్చితే పూజారి స్వామి ఎదుట ఉంచుతాడు. తెలుగు ఇళ్ళలోనూ మొదటి శుభలేఖ కులదైవం పాదాల చెంతకు చేరిన తరువాతే మిగిలినవి బయలుదేరుతాయి. ఇక్కడ శుభలేఖ అందించే సమాచారం దేవుడికి అవసరమైనది కాదు. ఆయనను మొదటి సాక్షిగా నిలపడమే ఉద్దేశం.

సాక్షిగా రమ్మనడంలో ఎంత బరువు ఉన్నదో ఒక తెలుగు సంఘటన స్పష్టం చేస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహాన్ని జరిపించారు. ఆ పెళ్ళికి వెళ్ళడమంటే వెలి శిక్షకు సిద్ధపడడమే. వెళ్ళినవారి ఇళ్ళకు పురోహితులు రామన్నారు, బంధువులు దూరమయ్యారు. పిలుపును మన్నించి పందిట్లో కూర్చున్న ప్రతి మనిషీ ఆ వివాహం చెల్లుతుందని తన ఉనికితో చెప్పినట్లే లెక్క. శుభలేఖ కోరేది దీనినే. భోజనం, వినోదం దాని తరువాతివి.

కాగితం చేసిన చేతులు

పిలుపు కాగితం మీదికి రావడానికి ముందు కాగితం మన నేలకు రావాలి. తెలుగులో ‘కాగితం’ అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. అంతకుముందు తాటాకు, ఉత్తరాన భూర్జపత్రం లేఖనానికి ఆధారాలు. కాశ్మీరాన్ని పాలించిన సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ (1420–1470) సమర్కండ్ నుంచి కాగితపు పనివారిని రప్పించాడని చరిత్రకారులు చెబుతారు. దక్కనులో దౌలతాబాదు సమీపాన ఉన్న కాగజీపురా గ్రామం, 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని మార్చిన కాలం నాటి వలసలతో తన పుట్టుకను ముడిపెట్టుకుంటుంది. అహమ్మదాబాదు, జున్నర్, జయపురం పక్కనున్న సాంగానేర్ కాగితానికి ప్రసిద్ధి పొందాయి. ఈ వృత్తిలో ఉన్న కుటుంబాలకు ‘కాగజీ’ అన్నదే ఇంటిపేరు.

ఆ పని తీరును తెలుసుకుంటే పాత శుభలేఖ విలువ అర్థమవుతుంది. పాత తాళ్ళు, వలలు, గోనెలు, జనుము నారను సున్నపు నీటిలో నానబెట్టి, కాలితో తొక్కే రోకలితో రోజుల తరబడి దంచేవారు. మెత్తబడిన గుజ్జును ఏటి నీటిలో కడిగి తొట్టిలో కలిపేవారు. సన్నని గడ్డిపుల్లలతో అల్లిన తడకను ఆ తొట్టిలో ముంచి, రెండు చేతులా సమంగా కదిలిస్తూ పైకి తీస్తే నీరు జారిపోయి పలుచని పొర నిలుస్తుంది. అదే కాగితం. దానిని ఒత్తి నీరు పిండి, సున్నం పూసిన గోడకు అంటించి ఆరబెట్టి, గంజి పట్టించి, నునుపురాయితో మెరుగు పెట్టేవారు. గంజి పట్టించకపోతే సిరా పాకిపోతుంది, మెరుగు పెట్టకపోతే కలం చిక్కుకుంటుంది. కనుక అక్షరం అందంగా రావడంలో రాసినవాని నేర్పు ఎంత ఉన్నదో కాగజీ ఇంటి స్త్రీపురుషుల శ్రమ కూడా అంతే ఉన్నది.

ఈ వృత్తి దెబ్బతిన్నది మర యంత్రాల వల్ల మాత్రమే అనుకోవడం పొరపాటు. ప్రభుత్వమే దీనికి పెద్ద కొనుగోలుదారు. 1859 నుంచి 1866 వరకు లండన్‌లో భారత వ్యవహారాల మంత్రిగా ఉన్న సర్ చార్లెస్ వుడ్ కాలంలో, ఇక్కడి ప్రభుత్వ అవసరాలకు కావలసిన కాగితాన్ని బ్రిటన్ నుంచే కొనాలన్న ఉత్తర్వు వెలువడింది. కచేరీల ఆదరణ పోయిన తరువాత కాగజీలకు వ్యాపారుల చిట్టా పుస్తకాలు, జాతకాలు, పెళ్ళి పత్రికలు మాత్రమే మిగిలాయి. ఒక పరిపాలనా నిర్ణయం ఒక వృత్తిని ఎంత దూరం నెట్టగలదో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

పునరుద్ధరణ కూడా ఆలోచించి చేసిన నిర్ణయంతోనే సాధ్యమైంది. 1934లో గాంధీజీ మార్గదర్శకత్వంలో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శి జె.సి. కుమారప్ప (1892–1960) చేతి కాగితాన్ని ముఖ్య పరిశ్రమలలో ఒకటిగా ఎంచారు. 1940లో పూనాలో చేతి కాగితపు సంస్థ మొదలైంది. 1957లో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఏర్పడిన తరువాత ఈ పరిశ్రమ దాని పరిధిలోకి వచ్చింది. సాంగానేర్‌లోని జాతీయ చేతి కాగితపు పరిశోధనా సంస్థకు కుమారప్ప పేరే పెట్టారు. నేడు మన చేతికందే చేతి కాగితం ఎక్కువగా వస్త్ర పరిశ్రమలో మిగిలిన నూలు గుడ్డ ముక్కలతో తయారవుతున్నది. తిరుప్పూరు బనియన్ల కత్తిరింపు ముక్క సాంగానేర్ తొట్టిలో గుజ్జుగా మారి, ఎవరి ఇంటనో పెళ్ళి పిలుపుగా తేలుతుంది. చెట్టును నరకవలసిన అవసరం లేని కాగితం ఇది.

రాసిన చేతులు

కాగితం చేసే చేయి తరువాత చెప్పుకోవలసినది రాసే చేయి. అచ్చు బాగా వ్యాపించిన తరువాత కూడా చేతిరాత ఆహ్వానానికి గౌరవం తగ్గలేదు. 1883లో జరిగిన ఒక పెళ్ళి దీనికి ముచ్చటైన నిదర్శనం. ఇరవై రెండేళ్ళ రవీంద్రనాథ్ ఠాకూర్ తన మిత్రుడు ప్రియనాథ్ సేన్‌కు స్వయంగా లేఖ రాసి తన పెళ్ళికి పిలిచారు. తన పరమాత్మీయుడైన రవీంద్రనాథ్ ఠాకూర్ వివాహం ఫలానా ఆదివారం జరుగనున్నదనీ, జోడాసాంకో భవనానికి విచ్చేసి తనకూ బంధువర్గానికీ సంతోషం కలిగించాలనీ మరెవరి పెళ్ళి గురించో రాస్తున్నట్లు రాసి, కింద తన పేరే సంతకం చేశారు. పెద్దలు పిలిచే పద్ధతిని అనుకరిస్తూ చేసిన మృదువైన పరిహాసమిది. పెళ్ళికొడుకు తానే పిలవడం అప్పటి మర్యాద కాదు. తన చేతితో తన పిలుపు రాసుకున్నవాడు ఆ కట్టుబాటును అతిక్రమించకుండానే దానితో ఆడుకున్నాడు. ఆ పెళ్ళి 1883 డిసెంబరు 9న జరిగింది. ఆ లేఖ నేటికీ సాహిత్యాభిమానుల నోట నిలిచి ఉండడానికి కారణం, అందులో రాసినవాని చేయి కనిపించడమే.

అందరూ రవీంద్రులు కారు. సామాన్య కుటుంబాలకు అక్షరం తెలిసినవాడే ఆధారం. ఊరి కరణం, బడిపంతులు, పురోహితుడు, ముస్లిం కుటుంబాలకు కాతిబ్ ఈ పని చేసేవారు. హైదరాబాదులో దక్కనీ ముస్లిం కుటుంబాలు పెళ్ళి పిలుపును ‘రుఖా’ అంటారు. పాతనగరంలోని ఛత్తా బజారు ఈ రుఖాల అచ్చుకు పేరుపొందింది. 1820 దశకంలో మన దేశంలో అడుగుపెట్టిన శిలాముద్రణ పారశీక, ఉర్దూ లిపులకు వరంగా పరిణమించింది. సీసపు అచ్చులకు లొంగని నస్తాలీఖ్ వంపులను కాతిబ్ తన కలంతో రాస్తే, ఆ రాతనే శిల మీదికి దించి వందల ప్రతులు తీసేవారు. యంత్రం వచ్చినప్పటికీ చేయి పోలేదు. ఒకే చేయి వెయ్యి ఇళ్ళకు చేరింది.

ఈ ఏర్పాటు సుమారు నూటయాభై ఏళ్ళు సాగింది. 1981లో నస్తాలీఖ్ లిపి కంప్యూటర్ అక్షరాలుగా వాడుకలోకి రావడం, 1990 దశకంలో అది చిన్న ముద్రణాలయాలకు సైతం అందుబాటులోకి రావడంతో పత్రికా కార్యాలయాలలో కాతిబ్‌ల వరుసలు ఖాళీ అయ్యాయి. పత్రిక పని పోయిన తరువాత పలువురికి పెళ్ళి పిలుపులే జీవనాధారమయ్యాయి. దినపత్రిక చదివేవాడు అక్షరం ఎవరిదని అడగడు. కూతురి పెళ్ళి పిలుపు రాయించేవాడు మాత్రం ఆ వంపు, ఆ పొందిక కావాలని వెతుక్కుంటూ వస్తాడు. ఒక కళ అంతరించకుండా కొంతకాలం కాపాడినది శుభలేఖ అని చెప్పడం అతిశయోక్తి కాదు.

అచ్చు శుభలేఖ

దక్షిణాదిలో శుభలేఖ రూపాన్ని మార్చిన పట్టణాలలో శివకాశి ముఖ్యమైనది. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. అగ్గిపెట్టెకు పైబొమ్మ కావాలి, బొమ్మకు ముద్రణ కావాలి. అలా అగ్గిపుల్ల వెంట వచ్చిన ముద్రణ క్రమంగా క్యాలెండర్లకు, శుభలేఖలకు విస్తరించింది. దేవతామూర్తుల బొమ్మలతో రంగురంగుల కార్డులు ముందుగానే తయారై ఊరూరి ముద్రణాలయానికి చేరేవి. వధూవరుల పేర్లు, ముహూర్తం మాత్రమే అక్కడ నల్ల సిరాతో అచ్చువేసేవారు. మధ్యతరగతికి ఇది పెద్ద సౌలభ్యం. అంతవరకు సంపన్నులకే సాధ్యమైన బొమ్మల శుభలేఖ అందరికీ అందింది. యంత్రం చేసిన ఈ మేలును విస్మరించరాదు.

అచ్చు శుభలేఖలోనూ ప్రాంతీయమైన కల్పనాశక్తి వికసించింది. వంగదేశపు శుభలేఖ మీద సీతాకోకచిలుక తప్పనిసరి. వంగ భాషలో ప్రజాపతి అంటే సీతాకోకచిలుక, వివాహానికి అధిదైవమైన బ్రహ్మ కూడా. ఆ శ్లేషయే బొమ్మగా మారింది. పెళ్ళినాడు స్నేహితులు, బంధువులు రాసిన పద్యాలను పలుచని రంగు కాగితాలపై అచ్చువేసి పంచడం కూడా అక్కడ చాలాకాలం సాగింది. తెలుగునాట ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అన్న మూడు మాటలు, సీతారాముల తలంబ్రాల శ్లోకం శుభలేఖకు ముఖద్వారమయ్యాయి. బాపు (1933–2014) గీసిన తీరులోని పెళ్ళి బొమ్మలు, ఆయన చేతిరాత ఆధారంగా రూపొందిన అక్షరాలు తెలుగు శుభలేఖల మీద విరివిగా కనిపిస్తాయి. అచ్చు అక్షరంతో విసిగిన కన్ను యంత్రంలోనూ చేతిరాత జాడనే వెతుక్కున్నదన్నమాట.

చేతిరాత తగ్గడానికి అంతగా ఎవరూ గమనించని మరో కారణం తపాలా సుంకం. అచ్చువేసి, కవరు అంటించకుండా పంపే శుభలేఖ బుక్‌పోస్టు కింద తక్కువ సుంకానికి వెళ్ళేది. మూసిన కవరులో చేతిరాత వెళితే పూర్తి ఉత్తరపు సుంకం పడేది. వందలాది పిలుపులు పంపవలసిన తండ్రికి ఈ తేడా చిన్నది కాదు. అందుకే ఎందరో శుభలేఖ అచ్చు వేయించి, కవరు మీద చిరునామా మాత్రం రాసేవారు. మూలన అద్దిన పసుపు ఒక్కటే ఆ కాగితం మీద మిగిలిన ఇంటివారి చేయి.

అదే కాలంలో అచ్చు శుభలేఖ మరొక మంచి అలవాటు చేసింది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, ఊరు ఉండాలి. కనుకనే పాత శుభలేఖల అడుగున చిన్న అక్షరాలతో ముద్రణాలయం పేరు కనిపిస్తుంది. 2023లో వచ్చిన కొత్త చట్టం 2024లో అమలులోకి రావడంతో ఆ పాత చట్టం రద్దయింది. పరాయి పాలకులు నిఘా కోసం పెట్టిన నిబంధన అయినప్పటికీ, తెలియకుండానే అది పనివానికి ఒక గుర్తింపునిచ్చింది. చేతితో చేసిన శుభలేఖకు ఆపాటి గుర్తింపు కూడా లేకపోయింది.

కోహ్‌బర్ గోడ నుంచి కాగితానికి

పేరులేని చేతికి పేరు రావడం ఎలా జరుగుతుందో మిథిల చరిత్ర చెబుతుంది. ఉత్తర బీహారు, నేపాల్ తరాయి ప్రాంతాలలో విస్తరించిన మిథిలలో పెళ్ళింటి లోపలి గదిని కోహ్‌బర్ అంటారు. నూతన దంపతులు గడిపే ఆ గది గోడపై తామర తీగ, వెదురు, చేపలు, తాబేలు, చిలుకలు, సూర్యచంద్రులను ఇంటి స్త్రీలు చిత్రిస్తారు. వంశం వర్ధిల్లాలన్న కోరికకు అవన్నీ సంకేతాలు. గోడతో పాటు కాగితానికి కూడా ఆ ఆచారంలో చిన్న చోటు ఉండేది. పెళ్ళిలో వాడే సిందూరాన్ని కోహ్‌బర్ బొమ్మ గీసిన కాగితంలో చుట్టేవారు. పెళ్ళి కోసం, ఒకే జంట కోసం, ఇంటి ఆడవారి చేతితో తయారైన కాగితం అది.

1934 నాటి భూకంపంలో ఇళ్ళ గోడలు కూలినప్పుడు, అక్కడ అధికారిగా ఉన్న డబ్ల్యు.జి. ఆర్చర్ ఈ చిత్రాలను మొదటిసారి చూశారు. 1949లో ‘మార్గ్’ పత్రికలో ఆయన రాసిన వ్యాసంతో అవి బయటి లోకానికి తెలిశాయి. 1966–67లో బీహారును కరవు పీడించినప్పుడు, అఖిల భారత హస్తకళల బోర్డు పక్షాన పుపుల్ జయకర్, చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని మధుబనికి పంపారు. స్త్రీలకు కాగితం ఇచ్చి గోడ మీది బొమ్మను దానిపై గీయమని ప్రోత్సహించడం ఆయన పని. తరువాత పలువురు చేతి కాగితానికి ఆవుపేడ నీరు పూసి, దానికి మట్టిగోడ రంగు, గరుకుదనం తెచ్చుకున్నారు.

ఈ మార్పు ఫలితాలు గమనార్హమైనవి. గోడ మీద ఎవరూ సంతకం చేయలేదు. కాగితం మీద సంతకం వచ్చింది. జగదంబా దేవి 1975లో, సీతా దేవి 1981లో, గంగా దేవి 1984లో, మహాసుందరీ దేవి 2011లో పద్మశ్రీ పురస్కారాలు అందుకున్నారు. పెళ్ళి గోడ మీద గీసిన చేతులు కుటుంబాన్ని పోషించే చేతులయ్యాయి. గంగా దేవి ఢిల్లీలోని జాతీయ హస్తకళల ప్రదర్శనశాల గోడలపై ఒక కోహ్‌బర్ గదిని చిత్రించి 1991లో కన్నుమూశారు. 2015లో భవన నవీకరణ సందర్భంగా ఆ గోడలు పోయాయి. ఆమె కాగితం మీద గీసినవి మిగిలాయి. గోడ శాశ్వతమని, కాగితం క్షణికమని అనుకునే మనకు ఇదొక పాఠం.

అయితే ఈ కథకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. నేడు మార్కెట్టులో ‘మధుబని శుభలేఖ’ పేరుతో దొరికే కార్డులలో చాలావరకు ఒక బొమ్మను నకలు తీసి యంత్రంపై అచ్చువేసినవే. అందులో తామర ఉన్నది, చేప ఉన్నది. గీసిన స్త్రీ పేరు లేదు, ఆమెకు చేరే కూలీ అంతకన్నా లేదు. ఒక జంట కోసం గీసిన కోహ్‌బర్‌కూ ఈ కార్డుకూ మధ్య ఉన్న దూరం రంగులలో కనిపించదు.

నేటి చేతి శుభలేఖ

ఈ చరిత్ర నేపథ్యంలో, తమ శుభలేఖను తామే చేసుకోవాలనుకునే కుటుంబాల ఎదుట ఉన్న పని ఏమిటో స్పష్టమవుతుంది. మూడువందల పిలుపులు చేయాలనుకుందాం. గంటకు పది చొప్పున రాసినప్పటికీ ముప్పై గంటల రాత మిగులుతుంది. కాగితం కత్తిరించడం, మడవడం, అంచులు అద్దడం వేరు. ఇది ఒకరి వల్ల అయ్యేది కాదు. పెళ్ళికూతురి అక్షరం బాగుంటే ఆమె రాస్తుంది, తమ్ముడు దిమ్మె అద్దుతాడు, నాయనమ్మ పసుపు పెడుతుంది. పెళ్ళికి ముందు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొని చేసే పనులు తగ్గిపోయిన కాలంలో, పసుపు దంచడం వంటి వేడుకకు ఇది దగ్గరి చుట్టం.

పనిలో దిగినవారికి కొన్ని మెలకువలు త్వరలోనే తెలుస్తాయి. సరిగా గంజి పట్టని కాగితంపై సిరా పాకుతుంది గనుక కట్ట మొత్తం కొనడానికి ముందు ఒక కాగితంపై రాసి చూడడం మంచిది. పూరేకులు కలిపిన కాగితం కంటికి ఇంపుగా ఉన్నప్పటికీ రేకు ఉన్నచోట కలం ఎగుడుదిగుడవుతుంది. అంచును కత్తితో కోయకుండా స్కేలు ఆనించి తడి గీత వెంట చింపితే చేతి కాగితపు సహజమైన అంచు నిలుస్తుంది. దిమ్మె అద్దేటప్పుడు కింద మెత్తని గుడ్డ పరచకపోతే రంగు సమంగా పడదు. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో కలంకారీ అద్దకం పనివారికి ఇది తరతరాలుగా తెలిసిన విషయం. వారి దిమ్మెలు గుడ్డ కోసం చెక్కినవే అయినప్పటికీ మందమైన కాగితం మీద కూడా చక్కగా పడతాయి.

కాగితం ఎంపికలోనూ ఉపఖండం విశాలమైనది. నేపాల్ కొండల్లో లోక్తా పొద బెరడుతో చేసే కాగితం శతాబ్దాలుగా మతగ్రంథాలకు, ప్రభుత్వ పత్రాలకు ఆధారం. ఆ పొదను మొదలంటా నరికినా వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్‌లో మోన్పాలు షుగు షెంగ్ చెట్టు బెరడుతో చేసే మోన్ షుగు కాగితం దాదాపు అంతరించిన దశలో, 2020 డిసెంబరులో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ అక్కడ కేంద్రాన్ని తెరిచింది. బౌద్ధ గ్రంథాల ప్రతులకే అలవాటుపడిన ఇటువంటి కాగితానికి కొత్త కొనుగోలుదారులు లేకపోతే పునరుద్ధరణ ప్రారంభోత్సవంతోనే ఆగిపోతుంది. పెళ్ళిళ్ళు మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. శుభలేఖ ఈ వృత్తులకు నమ్మదగిన కొనుగోలుదారు కాగలదు.

శుభలేఖను అలంకారంగా మాత్రమే చూడలేకపోవడానికి పరిపాలనాపరమైన కారణం కూడా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు దేశమంతటా వివాహాల నమోదును తప్పనిసరి చేయాలని ఆదేశించింది. పలు ప్రాంతాలలో నమోదు కార్యాలయాలు శుభలేఖను ఆధారాలలో ఒకటిగా తీసుకుంటున్నాయి. బాల్యవివాహాలను అరికట్టడానికి రాజస్థాన్‌లో అక్షయ తృతీయకు ముందు, వధూవరుల వయసు ధ్రువపత్రాలు చూడకుండా శుభలేఖలు అచ్చువేయవద్దని జిల్లా యంత్రాంగాలు ముద్రణాలయాలను ఆదేశించిన సందర్భాలు ఉన్నాయి. పసుపు పూసిన కాగితం ఒక బాలిక బతుకును కాపాడే కాగితం కూడా కాగలదన్నమాట. సాక్షిగా రమ్మని పిలిచిన పత్రమే తరువాత తానే సాక్షి అవుతున్నది. ఫోను తెర మీద మెరిసి మాయమయ్యే ఆహ్వానం ఈ పనిని ఎంతవరకు చేయగలదన్నది ఆలోచించవలసిన విషయం.

చేతి శుభలేఖ సాక్ష్యం ఇంకొకటి కూడా ఉన్నది. అది తనను తయారుచేసిన చేతులకు సాక్ష్యం. సాంగానేర్ కాగజీ, ఛత్తా బజారు కాతిబ్, జితవార్‌పూర్ చిత్రకారిణి, పెడన అద్దకం పనివాడు ఆ కాగితంలో ఉన్నప్పటికీ, పేరు లేనంతవరకు వారు అందులో లేనట్లే లెక్క. మిథిల స్త్రీల అనుభవం చెప్పేది ఇదే. సంతకం వచ్చిన తరువాతే విలువ వచ్చింది, విలువ వచ్చిన తరువాతే కూలీ వచ్చింది. 1867 చట్టం ముద్రాపకుని పేరును నిర్బంధంగా వేయించింది. చేతి శుభలేఖ చేయించుకునే కుటుంబాలు ఆ పనిని ఇష్టపూర్వకంగా చేయవచ్చు. ముహూర్తం, విందు వేళ, బంధువుల పేర్లు అన్నీ రాసిన తరువాత వెనుకవైపు ఒక్క పంక్తి చాలు. కాగితం ఏ ఊరిది, బొమ్మ ఎవరిది, రాత ఎవరిది అని ఆ పంక్తి చెప్పాలి. కులదైవాన్ని, బంధువులను, ఊరిని సాక్షులుగా పిలిచే ఆ కాగితం మీద దానిని చేసినవారి పేర్లకు కూడా చోటు ఉన్నది.